పిల్లను చూసి కాదు, తల్లిని చూసి తెచ్చుకోండి



మృగశిర వచ్చిందంటే మన కౌడిపల్లి చుట్టుపక్కల ఊళ్లల్ల రెండు పనులు మొదలైతయి. ఒకటి ఇంటింటా చేపల కూర. రెండోది చేపపిల్లల బేరం. ఈ మధ్య ఆ బేరం చెరువు కట్ట మీద కాదు, మన గడప కాడికే వస్తున్నది. బండి మీద ఒకాయన వస్తడు. గాలి నింపిన ప్లాస్టిక్ కవర్ల కండ్లకు ఆనీ ఆనని నల్ల పిల్లలు. "అన్నా, క్యాట్‌ఫిష్ పిల్లలు. మొన్ననే గుడ్డు పగిలి వచ్చినయి. ఇంట్ల అక్వేరియంల పదిహేను రోజులు సాకు, బాయికాడ గుంత తవ్వి వెయ్యి, ఆరు నెలలకు కిలో తూగుతయి" అంటడు.

మొన్న మా ఇంటికీ వచ్చిండు. నేను అడిగింది ఒక్కటే మాట. "వీటి తల్లి ఏది?"

ఆయన నవ్విండు. "చేపకు తల్లేందన్నా?"

ఆ నవ్వు చూసే ఈ పోస్టు రాస్తున్న. బర్రెను కొనేముందు పాడి చూస్తం. సంబంధం కలుపుకునేముందు తల్లిని చూస్తం. పత్తి విత్తనాల ప్యాకెట్ కొంటే బిల్లు అడుగుతం, లాట్ నంబర్ దాచిపెట్టుకుంటం. చేపపిల్లల కాడికి వచ్చేసరికి మాత్రం ఏ జాతి అని కూడా అడగం. ఎందుకన్నా?

క్యాట్‌ఫిష్ అంటే ఒక్క చేప కాదు. మీసాలున్న చేపలన్నిటినీ అదే పేరుతో పిలుస్తున్నరు. మన మార్పు క్యాట్‌ఫిషే. జెల్ల క్యాట్‌ఫిషే. పంగాసియస్ కూడా అదే, దానికి నిబంధనల ప్రకారం సాగు అనుమతి ఉంది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ కూడా క్యాట్‌ఫిషే. దీన్నే కొందరు థాయ్ మాగూర్ అంటరు. దీని సాగును కేంద్రం 2000 సంవత్సరంలనే నిషేధించింది. 2019ల జాతీయ హరిత ట్రిబ్యునల్ మళ్లీ గట్టిగ చెప్పింది. ఇది బురదల బతుకుతది, గాలి పీల్చుకుంటది, తడి నేల మీద పాకుతూ ఇంకో గుంతకు పోతది, నోట్ల పట్టినదల్లా తింటది. కోళ్ల వ్యర్థాలు వేసి దీన్ని పెంచుతున్నరని పేపర్ల ఎన్నిసార్లు చదివినం?

ఇప్పుడు అసలు చిక్కు వినండి. గుడ్డు పగిలిన వారం రోజులల్ల మన మార్పు పిల్ల, ఆ ఆఫ్రికా పిల్ల రెండూ కప్పపిల్లల లెక్కనే ఉంటయి. ఉత్త కంటితోని చూసి మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. పెద్దయినంక తెలుస్తది. తల వెనుక ఎముక అంచు మన మార్పుకు గుండ్రంగ ఉంటది, దానికి కోసుగ డబ్ల్యూ అక్షరం లెక్క ఉంటది. దాని ఒంటి మీద నల్ల మచ్చలు అలుకుజల్లినట్టు కనిపిస్తయి. అందుకే పిల్లను చూసి లాభం లేదు, తల్లిని చూడాలె. తల్లి చేప కిలో దాటి ఉన్నదంటే అది మన మార్పు కాదు. అంత సులువు.

నేను నీతులు చెప్తున్న అనుకోకండి. ఐదేండ్ల కింద నేనూ అడగలే. కవర్ల నాటు మార్పు అని చెప్తే నమ్మి రెండు వందల పిల్లలు తెచ్చిన. మా పిల్లగాడు సంబురపడి అక్వేరియంల వేసిండు. చచ్చినయి చావంగా నలభై మిగిలినయి. మూడు నెలలకే జానెడు దాటినయి, మచ్చలు తేలినయి. అప్పుడు తెలిసింది అవేందో. పైసలు పోయినందుకు కాదు, వాటిని ఏం చెయ్యాలో తెల్వక నిద్ర పట్టలే. "చంపుతె పాపం బిడ్డా, చెరువుల ఇడిసిపెట్టు" అన్నది మా అమ్మ. బకెట్ పట్టుకొని కట్ట దాకా పోయిన. అక్కడ నిలబడి ఆలోచించి వెనుకకు వచ్చిన. నిమ్మచెట్టు కింద గుంత తీసి పాతిపెట్టిన. ఇప్పటికీ ఆ చెట్టు చూస్తే మనసు ఒకతీరుగ అయితది.

అందుకే చెప్తున్న. "ఇంట్ల తొట్టిల పది పిల్లలే కదా, ఎవలకు నష్టం?" అనకండి. ఎవడూ కక్షతోని చెరువుల ఇడువడు. జాలితోనే ఇడుస్తడు. గాజు తొట్టిల చేప చివరికి చేరేది చెరువుకే.

నమ్మకం లేకుంటే దెయ్యం చేప సంగతి చూడండి. అది కూడా ఒక క్యాట్‌ఫిషే. దక్షిణ అమెరికాది. అక్వేరియం అద్దాల పాచి తింటదని పట్నంల దుకాణాలల్ల అమ్మిండ్రు. పెద్దగయినంక జనం నీళ్లల్ల ఇడిసిండ్రు. ఇయ్యాల మన రెండు రాష్ట్రాల జలాశయాలల్ల వలేస్తే బొచ్చె, రవ్వకు బదులు అది పడుతున్నది. గట్టి పెంకు, ముండ్ల రెక్కలు, వల చింపుతది, తినేటోడు లేడు. అది ఏ చెరువుల ఉన్నదో నీళ్లల్ల డీఎన్‌ఏ చూసి పట్టే పద్ధతిని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తయారుచెయ్యాల్సి వచ్చిందంటే అర్థం చేసుకోండి. మొదలైంది గాజు తొట్టిలనే.

మన చెరువులల్ల 2016 నుంచి ఉచిత చేపపిల్లల పథకం కింద బొచ్చె, రవ్వ, బంగారు తీగ పిల్లలు వేసిండ్రు. వాటి మీద ముదిరాజ్, గంగపుత్రుల కుటుంబాలు బతుకుతున్నయి. వాటి మధ్యల ఆ ఆఫ్రికా చేప పడితే తినేది ఎవలి కూడు? ఒక్క వానకు అలుగు దుంకితే మన చెరువుది కింది ఊరి చెరువుకు పోతది. తప్పు మనది, నష్టం వాళ్లది.

"మన మార్పు ఎదగది కదా" అని ఇంకో మాట. నిజమే. ఏడాదికి వంద, నూట యాభై గ్రాములు. అది దాని తీరు. నాటుకోడి కూడా బ్రాయిలర్ లెక్క ఎదగది, మరి ధర ఏది పలుకుతది? మన చిన్నప్పుడు పొలం మడులల్ల, కాలువలల్ల చేత్తోని పట్టిన మార్పు ఇయ్యాల ప్రపంచ స్థాయిల అంతరించే ప్రమాదమున్న జాతుల లిస్టుల ఉన్నది. మందులు కొట్టి, కుంటలు పూడ్చి మనమే పోగొట్టుకున్నం. సాకాలని మనసుంటే దాన్నే సాకండి. హేచరీల మార్పు పిల్లలను పుట్టించే పద్ధతి భువనేశ్వర్ సీఫా సంస్థ కాడ ఉన్నది. మన మత్స్యశాఖ ఆఫీసుల అడగండి, సంఘం తరఫున రాసి ఇయ్యండి. నలుగురం అడుగుతే వాళ్లూ కదులుతరు.

దొరికినంక ఇంట్ల ఎట్ల సాకాల్నో నాకు తెలిసింది చెప్త. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు తొట్టి చాలు. నీళ్లు 3 అంగుళాలు దాటొద్దు, అంటే ఇంచుమించు 14 లీటర్లు, ఒక బిందెడు. పది, పన్నెండు రోజులకు పిల్ల గాలి కోసం పైకి రావుడు మొదలుపెడ్తది, లోతుంటే అలిసి చస్తది. బోరు నీళ్లు పట్టంగనే పొయ్యొద్దు, ఒక రోజు గాలి మోటర్ పెట్టి ఉంచాలె. మొదటి మూడు రోజులు పొట్టకున్న సొనే దానికి తిండి, ఏమీ వెయ్యొద్దు. తర్వాత కుంటల నీటి పురుగులను బట్టతోని వడగట్టి వెయ్యాలె, తూనీగ పిల్లలు రాకుండ చూసుకోవాలె, అవి మన పిల్లలనే తింటయి. ఉడికిన గుడ్డు పచ్చసొన చిటికెడు చాలు, ఎక్కువయితే నీళ్లు కుళ్లుతయి. మిగిలింది సన్న పైపుతోని రోజూ గుంజెయ్యాలె. వెలుతురు దానికి పడది, మూడు దిక్కుల నల్లబట్ట కట్టి, రెండు పెంకు ముక్కలు వెయ్యండి. నాలుగైదు రోజులకోసారి పెద్దవి వేరే, చిన్నవి వేరే చెయ్యకుంటే ఒకదాన్నొకటి తింటయి.

ఇంత చేసినా లక్షలు రావు. లక్షలు అని చెప్పేటోడు మీకు పిల్లలు అమ్ముకునేటోడే. కానీ ఒక పిల్ల ఎట్ల బతుకుతదో, నీళ్లు ఎప్పుడు పాడయితయో మీకు తెలుస్తది. రేపు వెయ్యి పిల్లలతోని గుంత వేసినప్పుడు ఆ తెలివే మిమ్మల్ని కాపాడుతది.

ఈ మృగశిరకు ఇంటి ముంగట బండి ఆగుతే గొడవ పెట్టుకోకండి. ఏ హేచరీ అని అడగండి, బిల్లు అడగండి, తల్లి చేపను చూపెట్టుమనండి. చూపెట్టకుంటే కవర్ వాపస్ ఇయ్యండి. ఇప్పటికే తెచ్చి తొట్టిల వేసినోళ్లు ఉంటే, మచ్చలు తేలినయంటే చెరువు మొఖం చూడకండి. కష్టమే, నాకు తెలుసు. మీ పెరట్ల కూడా నిమ్మచెట్టు ఉంటది కదా.

జై కిసాన్.