ఇంట్లోనా, బడిలోనా?

ఆటిజం ఉన్న బిడ్డను ఇంట్లో చదివించాలా, బడికి పంపాలా? భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెం, చర్ల మండలాల అడవి పల్లెల్లో ఈ ప్రశ్న అడిగేముందు రెండు దారులూ తెరిచి ఉన్నాయో లేదో ప్రభుత్వం చూడాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం దగ్గరి బడిలోనో, కోరిన ప్రత్యేక పాఠశాలలోనో 18 ఏళ్ల దాకా ఉచిత విద్యకు హామీ ఇచ్చింది. వైకల్యం తీవ్రమైతే ఇంటివద్దే చదువుకునే హక్కును 2012 విద్యాహక్కు సవరణ కల్పించింది. కానీ కూలికెళ్లే కోయ తల్లి పగలంతా కూర్చుని ఎలా నేర్పుతుంది? ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రమేమో మండల కేంద్రంలో; వాగు పొంగితే ప్రయాణమే గగనం.

బడే మేలని మా అభిప్రాయం. తోటిపిల్లల సావాసం ఇంట్లో దొరకదు. అయితే రోజుకో గంటతో మొదలుపెట్టే వెసులుబాటు, గోల తాకని ఒక మూల, కోయ మాట్లాడే సహాయకురాలు తప్పనిసరి. భద్రాచలం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), విద్యాశాఖ కలిసి జూన్‌లో బడులు తెరిచేలోపే వీటిని సమకూర్చాలి.