నావలోఁ బుట్టిన ప్రశ్న

మా విద్యార్థి యొకఁడు సెలవులలోఁ దలిదండ్రులతోఁ దెరచాప నావ నెక్కి కాకినాడ యొద్ద సముద్రమున విహరించి వచ్చి, “ఇంత శాంతమైన కడలి 2004వ సంవత్సరమున రెండు లక్షలకుఁ బైఁగా జనుల నెట్లు మ్రింగెను?” అని మమ్మడిగెను. ప్రశ్న మెచ్చఁదగినది.

ఆ డిసెంబరు 26వ తేదీన సుమత్రాదీవి చెంత సముద్రగర్భమున భూమి కంపించెను. అడుగునేల పైకి లేచుటచే నీరు కదలి, లోతైన చోట్ల గంటకు 600 కిలోమీటర్లకు మించిన వేగమునఁ బరువెత్తెను. నడిసముద్రమున నా తరంగము మీటరైన నెత్తు లేదు. నావలోనివారికిఁ దెలియనే తెలియదు. తీరమును సమీపించినప్పుడే యది పెచ్చు పెరిగెను. మన యాంధ్రతీరమునందును 100 మందికిఁ బైఁగా మృతిచెందిరి.

అయినను, భూకంపస్థానమునకు మిక్కిలి చేరువనున్న సిమెలూ దీవిలో 70,000 మందికిఁ బైఁగా జనులుండఁగా మృతులు 7 గురే యని లెక్క. కారణమేమి? 1907లో నట్టి యుపద్రవమే కలిగినది మొదలు, భూమి గట్టిగాఁ గంపించి కడలి వెనుకకుఁ దీసినచో కొండకుఁ బరుగిడవలెనని యచ్చటి పెద్దలు పిల్లలకుఁ జెప్పుచు వచ్చిరి.

కావున నాపదను విధియని యూరకుండుట తగదని మా యభిప్రాయము. బాధితులయెడ జాలి మంచిదే; తెలిసికొని యితరులకుఁ దెలుపుట యంతకంటె మంచిది. బాలబాలికలారా, ఈ మాట నేఁడే యింట మీ తమ్ములకుఁ జెల్లెండ్రకుఁ జెప్పుఁడు.