సాగర్‌లో మనం ఎవరం?

ఆగస్టు వస్తే చాలు, మన ఫోన్ల నిండా సాగర్ గేట్లే. ఇరవై ఆరు గేట్లూ ఎత్తారంట, ఆదివారం పోదామా అన్నా అని మెసేజ్‌లు. గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు నుంచి కార్లు, బైకులు బయల్దేరతాయి. మాచర్ల రోడ్డంతా తిరునాళ్లే. చలికాలం వస్తే విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోతారు. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని అనుపు, ఎత్తిపోతల. ఏడాది పొడవునా జనం వస్తూనే ఉంటారు.

నేనూ పోయాను. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో మా క్లాసు వాళ్లతో. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది. లాంచీ కదిలిన కాసేపటికి చుట్టూ నీళ్లే, ఆ నీళ్ల అవతల నల్లమల కొండలు. అప్పుడు మాలో ఒకతను అడిగాడు, ఆ కొండల్లో మనుషులు ఉంటారా అని. ఇంకొకడు నవ్వి, ఎవరుంటార్రా, పులులు తప్ప అన్నాడు. నేను మాట్లాడలేదు. ఆ అడవిలోనే, యర్రగొండపాలెం వైపు, మా గూడెం ఉంది. మా అవ్వ అక్కడే పుట్టింది. ఆ రోజు నోరు విప్పనందుకే ఈ నాలుగు ముక్కలు ఇప్పుడు రాస్తున్నా అనుకోండి.

అదే ఏడాది ఇంకో సంగతి జరిగింది. మా మామతో కలిసి తేనెకు పోతుంటే ఒక చెక్‌పోస్టు దగ్గర ఆపారు. ఎవరు మీరు, పర్మిషన్ ఉందా, సంచిలో ఏముంది అని అడిగారు. సంచిలో తాడు, గొడ్డలి, సద్దిమూట ఉన్నాయి. గంటసేపు నిలబెట్టి వెనక్కి పంపారు. లాంచీలో టికెట్ చూపిస్తే నన్ను సార్ అన్నారు. పుట్టిన అడవిలో దొంగను చూసినట్టు చూశారు. మనిషిని నేనే కదా!

మీకు బాధ కలిగించాలని ఇది చెప్పడం లేదు. ఆ సరస్సు ఎట్లా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం పొలాలకు పారింది. పత్తి, మిర్చి అని దేశమంతా చెప్పుకునే నేల అది. ఆ మిరప చేలల్లో కోతలకు పోయేది ఎవరు? సంక్రాంతి దాటగానే మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇచ్చి ట్రాలీ ఆటోలో ఎక్కించుకునేది ఎవర్ని? మన గూడేల వాళ్లను, తండాల వాళ్లను. నేనూ రెండు సీజన్లు కోశాను. రాత్రి చేతులు మండుతుంటే నీళ్లలో పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఆ చేలకు పారేది మన కొండల మధ్య నిలిచిన నీళ్లే.

నాగార్జునకొండ గురించి కూడా ఒక మాట. డ్యాం నీళ్లు వచ్చేలోపు, 1954 నుంచి 1960 దాకా, పురావస్తు శాఖ ఆ లోయంతా తవ్వింది. ఇక్ష్వాకుల నాటి కట్టడాలు కొన్నిటిని రాయి రాయి విప్పి కొండ మీదికి, అనుపుకు చేర్చి మళ్లీ నిలబెట్టారు. గొప్ప పని, నేను తక్కువ చేయను. మ్యూజియం చూసి వచ్చిన ప్రతివాడికీ ఆ రాళ్ల కథ తెలుసు. లోయలో పుల్లారెడ్డిగూడెం అనే ఊరు ఉండేదని, ఆ చుట్టుపక్కల మనుషులు బతికారని ఎంతమందికి తెలుసు?

ఇక పులుల సంగతి. సాగర్, శ్రీశైలం అడవి 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. కోర్ ప్రాంతం అంటే మనుషుల అలికిడి ఉండకూడదు అంటారు. అట్లా అంటూనే 2012 మార్గదర్శకాల్లో కోర్‌లో 20 శాతం వరకు పర్యాటకానికి వీలు పెట్టారు. జీపు తిరిగితే పులికి అలికిడి కాదు, మా అవ్వ గడ్డలు తవ్వుకుంటే అవుతుందా? బైర్లూటి, పచ్చర్ల క్యాంపుల్లో చెంచు పిల్లలు పని చేస్తున్నారు, మంచిదే. జీతం వస్తే ఇల్లు గడుస్తుంది. కానీ క్యాంపు ఎక్కడ పెట్టాలి, ఏ దారి మూయాలి, వచ్చిన డబ్బు ఎటు పోవాలి అనేది గూడెం కూర్చుని తేల్చాలి. వంటవాడిగా, గైడుగా మాత్రమే పిలిస్తే అది కూడా కూలే, మిరప కోతకన్నా కాస్త నీడ పట్టున దొరికిన కూలి.

చట్టం మనకేమీ ఇవ్వలేదా అంటే, ఇచ్చింది. ప్రకాశం వైపు మన గూడేలు ఐదో షెడ్యూల్ ప్రాంతంలో లేవు, అందుకని పెసా వర్తించదు. ఈ మాట చెప్పి మనల్ని చాలాసార్లు వెనక్కి పంపుతారు. కానీ 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్ ఏరియాతో పని లేదు. సెక్షన్ 3(1)(డి) చదవండి. నీటి వనరుల్లో చేపలు, ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు అందులో ఉంది. 3(1)(ఇ) చదవండి. చెంచుల వంటి సమూహాలకు మొత్తం ఆవాస ప్రాంతం మీద హక్కు ఉంది. 4(5) ప్రకారం హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదు. 3(2)లో బడి, అంగన్‌వాడీ, రోడ్డు లాంటి 13 సౌకర్యాలకు గ్రామసభ సిఫార్సుతో అటవీ భూమి ఇవ్వొచ్చని ఉంది. ఆ జాబితాలో రిసార్టు లేదు, వెతికి చూడండి.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సాగర్‌కు పోవద్దని నేను అనను. పోండి. గేట్లు చూడండి, ఫొటోలు దిగండి. లాంచీలో ఎవరైనా ఆ కొండల్లో ఎవరుంటారని అడిగితే, మీరు నాలాగా ఊరుకోకండి. మీ గూడెం పేరు చెప్పండి.

తిరిగి వచ్చాక ఇంకో పని చేయండి. సామూహిక హక్కులకు ఫారం-బి ఉంటుంది. పెద్దవాళ్ల పక్కన కూర్చుని, తేనె తీసే కొండలు, చేపలు పట్టే రేవులు, దేవర ఉన్న చోట్లు ఒక కాగితం మీద గీయించండి. పేర్లు వాళ్లు చెప్పినట్టే రాయండి. మా గూడెంలో మొదలుపెట్టాం. మా మామ ఇప్పటికి పదిహేడు తేనె కొండల పేర్లు చెప్పాడు. ఇంకా ఉన్నాయంట, వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటాం.