హెచ్చరికలన్నీ తప్పులేనా?

మన హాస్టల్‌లో కంప్యూటర్ కోర్సులు చదివే తమ్ముళ్ల మధ్య తరచూ ఒక వాదన వింటున్నాను. జేక్వెరీ లైబ్రరీని కోడ్ తనిఖీ చేసే సాధనంలో వేస్తే పేజీల కొద్దీ హెచ్చరికలు వచ్చాయట. కాబట్టి అంత పేరున్న లైబ్రరీ నాసిరకం అని ఒకరు, కాదు ఆ సాధనమే పనికిమాలినదని ఇంకొకరు. నా ఉద్దేశంలో ఇద్దరిదీ తొందరపాటే. హెచ్చరికలు ఎన్నో లెక్కపెట్టారు గాని ఒక్కదాన్నయినా పూర్తిగా చదవలేదు.

కంప్యూటర్ చదవని మిత్రుల కోసం రెండు మాటలు. వెబ్ పేజీల్లో కదలికలు తెచ్చే భాష జావాస్క్రిప్ట్. ఆ పనిని సులువు చేయడానికి జాన్ రెసిగ్ 2006లో విడుదల చేసిన రెడీమేడ్ కోడ్ జేక్వెరీ. ఇక తనిఖీ సాధనాలకు పాత చరిత్రే ఉంది. 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సి భాష కోసం 'లింట్' రాశాడు. లింట్ అంటే బట్టకు అంటుకునే నూగు. జావాస్క్రిప్ట్‌కు డగ్లస్ క్రాక్‌ఫర్డ్ జేఎస్‌లింట్ తెచ్చాడు, 2013లో ఈఎస్‌లింట్ వచ్చింది. ఇవి ప్రోగ్రామును నడపవు, రాసిన తీరు చూసి అనుమానం చెబుతాయి. అనుమానం వేరు, నేరం రుజువు కావడం వేరు.

జేక్వెరీలో చాలాచోట్ల విలువను 'నల్'తో పోల్చేటప్పుడు మూడు ఈక్వల్ గుర్తులకు బదులు రెండే వాడారు. జేఎస్‌లింట్ దాన్ని ఒప్పుకోదు. మామూలుగా ఆ కోపం న్యాయమే, రెండు గుర్తులతో పోలిస్తే సున్నా, ఖాళీ స్ట్రింగ్ సమానమైపోతాయి. కాని 'నల్' దగ్గర సంగతి వేరు. అక్కడ రెండు గుర్తులు 'నల్'ను, 'అన్‌డిఫైన్డ్'ను ఒకే దెబ్బకు పట్టుకుంటాయి. వాళ్లు తెలిసే అలా రాశారు. ఇంకో చోట సెలెక్టెడ్ ఇండెక్స్ అనే విలువను ఊరికే చదివి వదిలేసే వాక్యం ఉండేది. ఇది ఏ పనీ చేయడం లేదని సాధనం అంటుంది. నిజానికి సఫారీ బ్రౌజర్‌లో ఉన్న ఒక లోపాన్ని సరిచేయడానికే ఆ వాక్యం. తీసేస్తే పేజీ దెబ్బతింటుంది. ఇలాంటి హెచ్చరికలను జేక్వెరీ వాళ్లు దాచలేదు. ఇవి మాకు తెలుసు, ఇవి ఫరవాలేదు అని జాబితా రాసి, ఆ తనిఖీని తమ బిల్డ్‌లోనే పెట్టుకున్నారు.

అలాగని జేక్వెరీలో లోపాలు లేవా? ఉన్నాయి. ఆబ్జెక్టులను కలిపే 'ఎక్స్‌టెండ్' ఫంక్షన్‌లోని లోపాన్ని 2019లో 3.4.0 వెర్షన్‌లో సరిచేశారు. బయటి నుంచి వచ్చిన డేటాలో 'ప్రోటో' అనే ప్రత్యేకమైన పేరు ఉంటే, అన్ని ఆబ్జెక్టులకూ మూలమైన దానిలోకే ఆ డేటా చొరబడేది. తమాషా ఏమిటంటే, ఆ ఫంక్షన్‌లోని లూపు మీద జేఎస్‌లింట్‌కు అభ్యంతరం ఉండనే ఉంది. లూపులో సొంత లక్షణాలను మాత్రమే వడకట్టమని దాని సలహా. అయితే ఆ సలహా పాటించినా ఈ ప్రమాదం తప్పేది కాదు, ఎందుకంటే జేసన్ నుంచి వచ్చిన డేటాలో ఆ పేరు సొంత లక్షణంగానే ఉంటుంది. వేలు పెట్టిన చోటు సరైనదే, చెప్పిన కారణం వేరు.

2020లో 3.5.0 సరిచేసిన లోపం మరీ లోతైనది. కురచగా మూసిన ట్యాగులను జేక్వెరీ విడదీసి రాయడం వల్ల, శుద్ధి చేసిన హెచ్‌టీఎంఎల్ కూడా మళ్లీ ప్రమాదకరం కాగలిగేది. అది తెలియాలంటే బ్రౌజర్ ఎలా చదువుతుందో తెలిసిన మనిషి కావాలి. (డేటా ఎటు నుంచి ఎటు పోతుందో వెంబడించే పెద్ద సాధనాలు వేరే ఉన్నాయి, వాటి మాట వేరు.)

ఈ గొడవ మనకెందుకంటారా? ఒక కాలేజీలో ప్రాజెక్టు మార్కులు హెచ్చరికల లెక్కను బట్టి వేశారు. దాంతో పిల్లలు ఏం చేశారు? హెచ్చరికలు కనబడకుండా ఆపేసే వరుస ఒకటి ఫైలు పైన రాసి, సున్నా తెచ్చుకున్నారు. ఎర్ర గీత కనిపిస్తే బెదిరిపోయి, నడుస్తున్న కోడ్‌ను చెరిపేసుకున్న వాళ్లూ ఉన్నారు. ఇంట్లో అడగడానికి చదువుకున్న అన్నయ్య లేని మనవాళ్లకు ఆ గీతే తీర్పులా కనిపిస్తుంది.

నిజానికి ఈ సాధనాల అవసరం జేక్వెరీ వాళ్లకన్నా మనకే ఎక్కువ. 'వార్' రాయడం మరచిపోయి గ్లోబల్ వేరియబుల్ సృష్టించడం వంటి పొరపాట్లు ఇవి చిటికెలో పట్టేస్తాయి. జీతమిచ్చి సీనియర్‌ను పెట్టుకోలేం గదా! ఈఎస్‌లింట్ ఉచితం. ప్రాజెక్టు మొదటి రోజు నుంచే వాడండి. వచ్చిన ప్రతి హెచ్చరికకూ ఎందుకు వచ్చింది, సరిచేశామా, వదిలేస్తే కారణమేమిటి అని ఒక నోటుపుస్తకంలో రాసి రీడింగ్ రూములో ఉంచండి. వచ్చే ఏడాది చేరే తమ్ముళ్లు అక్కడి నుంచి మొదలుపెడతారు.