అడగకుండా మార్చే హక్కు మీకెవరిచ్చారు?

ఈ పోస్టు కాస్త పొడుగు. పూర్తిగా చదివాకే కామెంటు పెట్టమని మనవి.

పోయిన నెల మన హోసూరు సభ్యురాలు ఒకావిడ, డెబ్బై దాటిన పెద్దావిడ, సొంత తమ్ముడి కడసారి చూపుకు నోచుకోలేదు. కుప్పం ఎంత దూరం? తెల్లవారుజామున బయలుదేరితే టిఫిన్ వేళకు చేరిపోవచ్చు. తమ్ముడి పిల్లలు రాత్రి రెండింటి నుంచి ఎప్పటిలాగే నెట్ కాల్ చేస్తూనే ఉన్నారు. ఫోన్ ఆవిడ తలగడ పక్కనే ఉంది, కానీ మోగలేదు. ఆ రాత్రి అది తనంతట తానే అప్‌డేట్ అయి, ఆరిపోయి, మళ్లీ వెలిగి, పిన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. రీస్టార్ట్ అయిన ఫోన్‌లో ఒకసారి పిన్ కొట్టేదాకా చాలా యాప్‌లు నిద్ర లేవవు. మామూలు కాల్ అయితే మోగేది. ఆ తేడా ఇటు వాళ్లకూ తెలియదు, అటు వాళ్లకూ తెలియదు. ఎత్తడం లేదంటే బస్సులో ఉన్నారేమో, వచ్చేస్తున్నారేమో అనుకున్నారు. ఆవిడ పూజ ముగించుకుని పదిన్నరకు ఫోన్ చూసుకున్నారు. చేరేసరికి అంతా అయిపోయింది.

ఈ సంగతి చెబితే మన పిల్లలే నవ్వారు. బెంగళూరులో ఇంజనీర్లు కదా. "అప్‌డేట్ మంచిదే, పెద్దవాళ్లకు వాడటం రాదు" అన్నారు. మేము అడిగేది ఒక్కటే. డబ్బు పెట్టి కొన్నది ఆవిడ. ఏ రాత్రి ఆ ఫోన్ ఆగాలో నిర్ణయించాల్సింది ఎవరు? ఇంటి పైకప్పు బాగుచేస్తామని మేస్త్రీ వస్తే మంచిదే. అర్ధరాత్రి తాళం తీసుకుని లోపలికొచ్చి, వంటింటిని పడకగదిలోకి మార్చి పోతే ఊరుకుంటామా?

ఇంకోవైపు, అప్‌డేట్లన్నీ మోసమే, అన్నీ ఆపేయండి అనే ఫార్వర్డులు మన గ్రూపులోనే తిరుగుతున్నాయి. అదీ తప్పే. 2017 మే నెలలో వాన్నాక్రై అనే దాడి ప్రపంచమంతటా కంప్యూటర్లను బందీ చేసి డబ్బు అడిగింది. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. ఎక్కువగా దెబ్బతిన్నవి ఆ మందు వేసుకోని యంత్రాలే. పింఛను, గ్యాసు, బ్యాంకు అన్నీ ఫోన్‌లోనే ఉన్న రోజుల్లో భద్రతా అప్‌డేట్ వద్దనడం తలుపు గడియ వద్దనడమే.

అయితే కంపెనీలు చేసే గడుసుతనం ఇక్కడే ఉంది. గడియ బాగుచేసే పనినీ ఇల్లు తారుమారు చేసే పనినీ ఒకే మూటలో కట్టి పంపుతాయి. కావాలంటే మొత్తం తీసుకో, లేదంటే దొంగలపాలు కమ్మంటాయి. విడదీయడం సాధ్యం కాదా? 2021లో ఐఓఎస్ 15 వచ్చినప్పుడు ఆపిల్ పాత 14లోనే ఉండి భద్రతా మరమ్మతులు తీసుకునే వీలు కొంతకాలం ఇచ్చింది. అంటే చేతకాక కాదు, ఇష్టం లేక.

నమ్మండి, మీ మంచికే అంటారు. నమ్మకం ఏమైందో గుర్తుచేసుకుందాం. పాత బ్యాటరీలున్న ఐఫోన్లను అప్‌డేట్ ద్వారా నెమ్మదింపజేశామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా ఉండటానికే చేశామంది. కావచ్చు. మరి ముందే ఎందుకు చెప్పలేదు? 2018లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఫోన్లను మందగింపజేసిన అప్‌డేట్ల విషయంలోనే ఆపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. అదే ఏడాది ఆగస్టులో మన దేశంలో ఎందరి ఫోన్లలోనో వాళ్లు సేవ్ చేసుకోని ఆధార్ హెల్ప్‌లైన్ నంబరు ప్రత్యక్షమైంది. పొరపాటున 2014లోనే చేర్చేశామని గూగుల్ చెప్పింది.

ప్రభుత్వాలూ ఈ దారి చూసిపెట్టుకున్నాయి. 2025 నవంబరు చివర్లో సంచార్ సాథీ యాప్‌ను కొత్త ఫోన్లలో ముందే పెట్టాలని, ఉన్న ఫోన్లలోకి అప్‌డేట్ ద్వారా పంపాలని కేంద్ర టెలికాం శాఖ ఆదేశించింది. జనం గట్టిగా అడిగేసరికి డిసెంబరు 3న ఆ నిర్బంధాన్ని వెనక్కి తీసుకుంది. అడిగితే ఆగుతుందని దీన్నిబట్టి తెలియడం లేదా?

ఇది మన సంఘానికి ఎందుకంటారా? 2006 తమిళ అభ్యసన చట్టం వచ్చాక మన పిల్లల చదువు ఎటు మళ్లిందో చూసినవాళ్లం. మారుస్తున్నామని చెప్పడం వేరు, మీకు సమ్మతమేనా అని అడగడం వేరు. బళ్లో, వీధి బోర్డుల మీద తెలుగు తగ్గిపోతున్న చోట, చాలామంది తల్లులకు తెలుగు అక్షరం మిగిలింది చేతిలోని ఫోన్‌లోనే. ఒక్క అప్‌డేట్‌తో కీబోర్డు స్థలం మారితే, తెలుగు ఎక్కడుందో వెతుక్కోలేక ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లు, చివరికి రాయడమే మానేసినవాళ్లు మన గ్రూపులోనే ఉన్నారు. పైగా రోజుకు ఒకటిన్నర జీబీ రీచార్జి మీద బతికే ఇంట్లో ఒక్క పెద్ద అప్‌డేట్ ఆ రోజు డేటాను మొత్తం మింగేస్తుంది.

కాబట్టి పగ్గం మన చేతిలోకి తెచ్చుకుందాం. ఆండ్రాయిడ్ వాళ్లు ప్లే స్టోర్‌లో పైన మీ ఖాతా బొమ్మ నొక్కి, సెట్టింగ్స్, నెట్‌వర్క్ ప్రిఫరెన్సెస్‌లో యాప్‌ల ఆటో అప్‌డేట్ ఆపండి, లేదా వైఫైకే పరిమితం చేయండి. ఫోన్ సిస్టమ్ అప్‌డేట్ మీట మాత్రం చాలా ఫోన్లలో డెవలపర్ ఆప్షన్స్ లోపల ఉంటుంది. అది కనబడాలంటే అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబరును ఏడుసార్లు తట్టాలి! మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉన్నట్టు, మన ఫోన్ మీద మన హక్కును అక్కడ దాచారు. ఐఫోన్ వాళ్లకు సెట్టింగ్స్, జనరల్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, ఆటోమేటిక్ అప్‌డేట్స్‌లో దొరుకుతుంది. గూగుల్ ప్లే సర్వీసెస్ లాంటివి ఈ మీటలకు లొంగవు, అదీ తెలిసి ఉండండి.

ఆపి వదిలేయకండి. నెలకొకసారి, పగటిపూట, ఇంట్లో చదువుకున్న పిల్లలు పక్కన ఉన్నప్పుడు, మీ చేత్తో మీరే అప్‌డేట్ చేయండి. బ్యాంకు యాప్‌లను ముందు చూడండి. వెలిగిన వెంటనే పిన్ కొట్టండి. ఇంకో మాట, చావు కబురు, ఆసుపత్రి కబురు ఎప్పుడూ మామూలు కాల్‌లోనే చెప్పండి.

కంపెనీలను మేము అడిగేవి మూడు. భద్రతా అప్‌డేట్‌ను విడిగా ఇవ్వండి. ఏం మారుతుందో ముందే మా భాషలో చెప్పండి. నచ్చకపోతే వెనక్కి వెళ్లే దారి ఉంచండి. ఈ మూడింటితో వినతిపత్రం రాసి అందరి సంతకాలతో కేంద్ర వినియోగదారుల శాఖకు పంపాలని మా ప్రతిపాదన. వచ్చే ఆదివారం సంఘం సమావేశానికి అమ్మలను, అత్తలను, తాతలను వాళ్ల ఫోన్లతో సహా తీసుకురండి. మీటలు అక్కడే సరిచేద్దాం.

ఆ పెద్దావిడ కూడా వస్తానన్నారు. ఫోన్ కొత్తది కొనిపెడతామని కొడుకు అంటే వద్దన్నారట. "ఇదే ఉండనీ, నేను చెప్పినప్పుడే ఆగేట్టు చెయ్యి చాలు" అన్నారట. మేము అడుగుతున్నదీ అంతే.