బేకసూర్ స్పీకర్లు

మా దోస్తు ఒకడు బోధన్, నిజామాబాద్ మధ్య కిరాయి కారు తోలుతాడు. నెల కింద అతని కారులో ముందు కుడి డోరు స్పీకర్‌కు ఒక బీమారి పట్టింది. ఎడపల్లి దాక ఖవ్వాలీ మంచిగనే వినిపిస్తుంది. జానకంపేట దగ్గర చక్రం గుంతలో పడిందా, ఆ పక్క ఖామోష్. ఇంకో గుంతలో పడితే మళ్ళీ జిందా. ఒక ఆడియో దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడి పిల్లగాడు డోరు మీద రెండు దెబ్బలు కొట్టి "స్పీకర్ ఖరాబైంది అన్నా, జోడీ మార్చాలె" అన్నాడు. మార్చారు. రెండు వేల ఎనిమిది వందలు. మూడో రోజుకు కొత్త స్పీకర్ కూడా అదే తీరు. మళ్ళీ పోతే ఈసారి ముల్జిమ్ ఆంప్లిఫయర్ అట, ఇంకో ఆరు వేలు.

నా గుస్సా ఇక్కడే. తహ్‌కీకాత్ చేయకుండా ఇల్జామ్ మోపి నేరుగా సజా వేయడం ఎట్లుంటదో మావంటి పేర్లున్నవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. స్పీకర్‌కైతే వకీలు కూడా ఉండడు.

కాయిల్ కాలిన స్పీకర్ నోరు మూసుకుంటుంది, లేకుంటే గరగరమంటుంది. గుంతకొకసారి చచ్చి, గుంతకొకసారి బతకదు. కోన్‌కు పోయే సన్నని అల్లిక తీగ తెగితే మాత్రం అట్లా చేయొచ్చు, కానీ అది కోన్‌ను వేలితో మెల్లగా నొక్కి చూస్తే తెలిసిపోతుంది. వచ్చిపోయే ఆవాజ్ అంటే దారిలో ఎక్కడో తెగిందని అర్థం. ఎక్కడ తెగిందో వెతకడమే మిస్త్రీ పని. హకీం నబ్జ్ పట్టకుండా దవా రాస్తే మనం ఊరుకుంటామా?

వెతకడం కూడా పెద్ద ఇల్మేమీ కాదు. స్పీకర్లన్నీ ఒక్కసారే బందై, వాల్యూం తగ్గిస్తే తిరిగొస్తున్నాయా? అయితే ఆంప్లిఫయర్‌కు కరెంటు చాలక, లేదా వేడెక్కి, తనను తాను కాపాడుకుంటోంది. ఇంజను నడుస్తుంటే దాని టెర్మినళ్ళ దగ్గర 14 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. పాట గట్టిగా పెట్టినప్పుడు అది 11 కిందికి పడిపోతోందంటే బ్యాటరీని, ఎర్త్‌ను చూడాలి. ఎర్త్ తీగను పెయింటు మీదనే బోల్టు వేసి బిగించిన మహానుభావులు చాలామంది ఉన్నారు. పెయింటు గీకి ఇనుము తేలేదాక రుద్దాలి. ఒక్క డోరే పోతోందంటే పాట పెట్టి ఆ డోరు మెల్లగా తెరిచి మూయండి. డోరుకు, బాడీకి మధ్య ఒక రబ్బరు గొట్టం ఉంటుంది, తీగలు అందులోంచి పోతాయి. తెరిచినప్పుడల్లా వంగి వంగి పై తొడుగు సాబూతుగానే ఉంటుంది, లోపల రాగి విరిగిపోతుంది.

మా వాడిది డ్రైవర్ డోరు. దినాం ఎన్నిసార్లు తెరుస్తాడో లెక్క పెట్టుకోండి. మా మొహల్లాలో ఒక బుజుర్గ్ ఉన్నారు, షక్కర్‌నగర్ కార్ఖానాలో ఎలక్ట్రీషియన్‌గా చేసినాయన. అరగంటలో పట్టుకున్నారు. గొట్టం పొడవునా కొత్త తీగ లాగి, వంగని చోట టాంకా వేసి, పైన తొడుగు ఎక్కించారు. వంగే చోట టాంకా వేస్తే నెలలోనే మళ్ళీ విరుగుతుందని అన్నారు. సామానుకు యాభై రూపాయలు కూడా కాలేదు.

1937లో మొదలైన ఆ నిజాం షుగర్స్ కార్ఖానా 2015 డిసెంబరులో బందైంది. చెరకు పోయింది, జీతాలు పోయాయి అని అందరూ రాశారు, నేనూ రాశాను. అక్కడి ఉస్తాదుల పక్కన నిలబడి పానా అందించిన పిల్లలకు దొరికిన హునర్ కూడా పోయిందని రాయడం మరిచాను. ఇప్పటి పిల్లగాడికి నేర్పేదెవరు? దుకాణందారు అతనికి డబ్బా విప్పి బిగించడం నేర్పాడు, మీటర్ పట్టడం నేర్పలేదు. నాలుగు ఓమ్‌ల స్పీకర్ మీటర్ మీద మూడున్నర అటూఇటూ చూపిస్తే దాని కాయిల్ సలామత్ అని అతనికి తెలిస్తే జోడీ అమ్ముడుపోదు కదా.

దుకాణందారులకు ఒక జవాబుంది, అది అబద్ధం కాదు. "మరమ్మత్‌కు రెండు గంటలు పడితే మూడు వందలు అడుగుతా. ఒక్క తీగకు మూడు వందలా అని గ్రాహక్ లడాయికొస్తాడు. డబ్బా చేతిలో పెడితే మూడు వేలు కిమ్మనకుండ ఇస్తాడు." సహీ బాత్. మా దోస్తు కూడా ఆ పెద్దాయనకు చాయ్ తాగించి దువా చెప్పి వచ్చేయబోయాడు. నేను చేయి పట్టుకొని ఆపి మూడు వందలు ఇప్పించాను. మెహనత్‌కు కీమత్ ఇవ్వని మనమే ఈ ధోకాను పెంచి పోషిస్తున్నాం.

అయినా దుకాణందారుకు మాఫీ లేదు. తూకంలో కోత పెట్టేవాళ్ళ మీద ఖుర్‌ఆన్‌లో ఒక సూరానే ఉంది, అల్ ముతఫ్ఫిఫీన్. తక్కెడ పట్టినవాడికే అది అనుకుంటాం. కొలవకుండానే బిల్లు రాసినవాడికి ఎందుకు కాదు? గ్రాహక్ తాళం చెవి ఇచ్చిపోయిన కారు అమానత్. అందులో ఫ్యాక్టరీ బిగించిన కప్లర్‌ను బ్లేడుతో కోసి, తీగలు మెలిపెట్టి టేపు చుట్టే హక్కు ఎవరిచ్చారు? ఆ తీగ బాడీకి తగిలితే ఆంప్లిఫయర్ నిజంగానే పోతుంది. అప్పుడు ఆ ఇల్జామ్ కూడా సచ్ అయిపోతుంది!

పాత జోడీ డిక్కీలోనే పడి ఉంది. ఆ రాత్రి గోడ గడియారంలోంచి ఒకటిన్నర వోల్టుల సెల్ తీసి, రెండు తీగ ముక్కలతో ఒక్కోదానికి అంటించి చూశాం. టక్ అంది. రెండోది కూడా టక్ అంది.