విజ్ఞాన వేదిక: ఇంటిదొంగను పట్టిన బంగారం

పోయిన నెల సమావేశంలో, భోజనాల దగ్గర, ఒక అక్కయ్యగారు మమ్మల్ని నిలేశారు. "వేల్సులో ఎవరో నీళ్ళలో క్రిముల్ని క్లోరిను కన్నా కోట్ల రెట్లు బలంగా చంపే సాధనం కనిపెట్టారట కదా! మన సంఘం నిధిలోంచి మా ఊరి మంచినీళ్ళ ట్యాంకుకి ఒకటి కొని పంపకూడదూ?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నలుగురూ తలలూపారు. డబ్బుతో ముడిపడిన సంగతి కనుక అప్పటికప్పుడు అవుననీ కాదనీ అనలేకపోయాము. ఈ నెల ఈ పుట ఆ ప్రశ్నకే.

ఆ సాధనానికి మూలం హైడ్రోజన్ పెరాక్సైడ్. పుండు మీద పొయ్యగానే బుసబుసమని నురగ కట్టే ఆ సీసా మందు మనందరికీ తెలిసిందే. 1818లో ఫ్రెంచి రసాయనవేత్త తెనార్డ్ దీన్ని మొదట తయారుచేశాడు. నీటి అణువుకి మరొక ఆమ్లజని పరమాణువు తగిలిస్తే పెరాక్సైడ్. పని ముగిశాక మిగిలేవి నీళ్ళూ ప్రాణవాయువే. అందుకే కాగితపు గుజ్జునూ బట్టల్నీ తెల్లబరచడానికి క్లోరిను బదులు దీన్ని వాడటం పెరిగింది.

మరి దీన్ని ఎలా చేస్తారు? లోకంలో తయారయ్యే పెరాక్సైడులో నూటికి 95 పాళ్ళు ఆంత్రాక్వినోన్ పద్ధతిలోనే వస్తుంది. ఆంత్రాక్వినోన్ అనే పదార్థాన్ని ద్రావకంలో కరిగించి, దానికి ఉదజనిని ఎక్కించి, తరవాత గాలి పట్టించి, పుట్టిన పెరాక్సైడును నీళ్ళతో లాగేస్తారు. పద్ధతి మంచిదే, కాని పెద్ద ఎత్తున చేస్తేనే గిట్టుబాటు. కనుక ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలో చేసి, దాదాపు 70 శాతం దాకా చిక్కబరచి ట్యాంకర్లలో పంపుతారు. చేరినచోట మళ్ళీ నీళ్ళు కలిపి పలచన చేస్తారు. పాలను కోవా చేసి ఊరు దాటించి, అక్కడ మళ్ళీ నీళ్ళు పోసుకున్నట్టు! చిక్కని పెరాక్సైడ్ మంటను ఎగదోస్తుంది కాబట్టి దారి పొడుగునా జాగ్రత్త కావాలి.

ఉదజనినీ ఆమ్లజనినీ నేరుగా కలిపి, కావలసిన చోటే, కావలసినంతే చేసుకోకూడదా? ఈ ఆలోచన కొత్తది కాదు. పలాడియం లోహంతో ఇలా చెయ్యవచ్చని 1914లోనే పేటెంటు పుట్టింది. చిక్కులు రెండు. ఆ రెండు వాయువులూ కలిస్తే పేలే ప్రమాదం ఉంది. ఇది బొగ్గుపులుసు వాయువు కలిపి పలచన చేస్తే తీరేదే. రెండోది ఇంటిదొంగ. పెరాక్సైడును పుట్టించిన పలాడియమే దాన్ని మళ్ళీ నీళ్ళుగా విరిచేస్తుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, రసాయనవేత్తలకూ చాలాకాలం పట్టుబడలేదు.

పట్టింది బంగారం. మన ఇళ్ళలో తాళిబొట్టుకూ గాజులకూ తప్ప దేనికీ రాదనుకునే ఈ లోహం, నలుసులై కొన్ని నానోమీటర్లకు దిగితే చురుకైన ఉత్ప్రేరకమవుతుందని 1980లలో తేలింది. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో గ్రహాం హచింగ్స్ బృందం బంగారాన్ని పలాడియంతో జతచేసి చూసింది. అయితే అంత చిన్న నలుసు పైన ఏ లోహం ఎక్కడ కూర్చుందో చూడాలంటే మరో కన్ను కావాలి. ఆ కన్ను అమెరికాలో, పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో క్రిస్టొఫర్ కైలీ గారి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని. ఒకరు వండితే, ఇంకొకరు మెతుకు పట్టి చూసి చెప్పారన్నమాట.

2009లో వీరు ప్రకటించిన చిట్కా వింటే ఆశ్చర్యం వేస్తుంది. లోహాలను ఎక్కించే బొగ్గుపొడిని ముందుగా పలచని నత్రికామ్లంతో కడిగారు, అంతే. పెరాక్సైడును విరిచే గుణం అణిగిపోయి, వాడిన ఉదజనిలో 95 శాతానికి పైగా పెరాక్సైడుగానే తేలింది. 2016లో బంగారం బదులు చవకైన తగరం వేశారు. మార్చి మార్చి వేడిచేస్తే తగరం పొర, అల్లరి చేసే చిన్న పలాడియం నలుసులను కప్పేస్తుంది.

అక్కయ్యగారు విన్న వార్త 2021 నాటిది. బంగారం, పలాడియం ఉన్న ఉత్ప్రేరకం మీదుగా నీళ్ళలోనే పెరాక్సైడును పుట్టిస్తే, ఆ క్షణంలో పుట్టి ఆ క్షణంలోనే పోయే చురుకైన ఆమ్లజని రూపాలు కూడా వెలువడి బాక్టీరియాను చంపుతాయి. అంతే మోతాదు సీసా పెరాక్సైడు కన్నా కోటి రెట్లు, క్లోరిను కన్నా పది కోట్ల రెట్లు అని కార్డిఫ్ వారు ప్రకటించిన మాట నిజం. కాని అది ప్రయోగశాలలో, ఒకే మోతాదులతో పోల్చి చెప్పిన లెక్క. మన ఊరి ట్యాంకు దగ్గర చూసినది కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ పద్ధతిలో నీళ్ళలో ఏ శేషమూ మిగలదు. రుచికీ వాసనకూ అది సుగుణమే. కాని బ్లీచింగ్ పౌడరు వేసిన నీళ్ళలో మిగిలే కాస్త క్లోరినే గొట్టాల్లోనూ, ఇంట్లో బిందెలోనూ నీటిని కాపాడుతుంది. ట్యాంకు దగ్గర శుద్ధి అయిన నీళ్ళు పగిలిన గొట్టంలో మళ్ళీ మురికైతే కాపాడేదెవరు? అదీగాక ఈ సాధనానికి ఉదజని కావాలి, కరెంటు కావాలి, చూసుకునే మనిషి కావాలి. నల్లగొండ వైపు వారి బాధ ఫ్లోరైడు. దాన్ని పెరాక్సైడ్ తీసెయ్యదు.

కనుక మా సలహా ఇది. లేని యంత్రానికి డబ్బు కూడబెట్టవద్దు. ఆ డబ్బుతో పగిలిన గొట్టాలు మార్పించి, బ్లీచింగ్ పౌడరు వేళకు వేసేలా, నీటిలో మిగిలిన క్లోరినును వారానికొకసారి పరీక్షించేలా ఒక మనిషిని పెట్టిద్దాము. కార్డిఫ్ వారి పని మీద ఒక కన్నేసి ఉంచుదాము. 1914 నాటి ఆలోచన ఇక్కడిదాకా రావడానికి వందేళ్ళు పట్టింది, మిగిలిన దూరానికీ కొంత ఓపిక పట్టవచ్చు. రసాయనశాస్త్రం చదువుతున్న మన పిల్లలెవరైనా ఆ దూరాన్ని తగ్గిస్తే అంతకన్నా కావలసిందేముంది!

అక్కయ్యగారు ఒప్పుకోకపోతే, వచ్చే సమావేశంలో పులిహోర పూర్తయ్యాక వాదించుకుందాము. మేము సిద్ధం.